మంచుమీద మొదటి అడుగులు

మన భాషలో మంచు అను మాట ఒక్కటే. తెల్లవారుజామున గడ్డిపరకపై నిలుచు బిందువు మంచే; ధనుర్మాసమున పొలములపై కమ్ముకొను తెర మంచే; హిమాలయములపై దూదివలె రాలి పేరుకొనునదియు మంచే. ఈ మూడింటిలో మొదటి రెండింటితోనే మనకు పరిచయము. లంబసింగిలో ఉష్ణోగ్రత సున్నకు దరిదాపుగా దిగినదని వినినచో, ఆ ఊరికి ఆంధ్ర కాశ్మీరమని పేరు పెట్టుకొని, శాలువలు కప్పుకొని చూడబోవు వారము మనము. ఇట్టి దేశమున పుట్టి, నలువది యేండ్లు దాటిన తరువాత, నిజమైన కాశ్మీరమునకు పోయి, కాళ్ళకు రెండు పొడవైన పలకలు కట్టుకొని మంచుపై జారవలెనని మేము సంకల్పించినాము. వినినవారు నవ్వినారు. తిరిగివచ్చి కుంటుచు ఆఫీసులో అడుగుపెట్టగా మరియొకమారు నవ్వినారు. ఆ రెండు నవ్వులకు నడుమ జరిగినదే నేటి మా ప్రసంగ విషయము.

మనవైపునుండి శీతకాలమున గుల్మార్గు చూడబోవు కుటుంబములు లేకపోలేదు. వారిలో పలువురు మంచును చేతబట్టి చూచి, స్లెడ్జిబండి యెక్కి, ఫోటోలు తీయించుకొని మరలి వత్తురు. స్కీ నేర్వవలెనని పోవువారు కొందరే. ఆ కొందరికి మా అనుభవము పనికివచ్చునని ఆశ.

స్కీ అనునది మొదట క్రీడగా పుట్టినది కాదు. నార్వే, స్వీడను, ఫిన్లాండు మొదలగు ఉత్తరదేశములలో మంచు మోకాలిలోతున పేరుకొన్నప్పుడు మనిషి అడుగు వేసినచోటనే దిగబడును. బరువును ఒక పొడవైన పలకపై పరచినచో దిగబడడు. దమ్ముచేసిన మడిని చదును చేయు చెక్కపై నిలుచున్న మన రైతు బురదలో దిగబడనట్లే ఇదియును. వేల యేండ్లనాటి స్కీపలకలు ఆ ఉత్తరభూముల బురదనేలలలో దొరికినవి. 19వ శతాబ్దమున నార్వేలోని టెలిమార్క్ ప్రాంతమువాడు సోండ్రె నార్‌హైమ్ అను పేద సేద్యగాడు, పలకనుండి మడమ తొలగిపోకుండ పట్టియుంచు కట్టుతో వంపులు తిరుగుచు దిగి చూపరులను ఆశ్చర్యపరచినాడు. నడకకు సాధనమైనది అప్పటినుండి వినోదమునకును సాధనమైనది.

ఈ కథలో మనకు సంబంధించిన ఒక పేరున్నది. జెండాలు పాతి వాటి నడుమ మలుపులు తిరుగుచు దిగు స్లాలమ్ పందెమును నేటి రూపమున 1922లో స్విట్జర్లాండులోని మ్యూరెన్ గ్రామమున ఏర్పాటు చేసిన ఆర్నాల్డ్ లన్ ఎక్కడ పుట్టినాడనుకొన్నారు? మన చెన్నపట్టణమున, 1888లో. తండ్రి అక్కడికి మతప్రచారకుడై వచ్చినవాడు. దక్షిణదేశము వారికి మంచుతో పని యేమని అడిగినవారికెల్ల మేము ఈ పేరు చెప్పి నోరు మూయించుచుంటిమి. చెన్నపట్టణమున పుట్టుట వేరు, స్కీ వచ్చుట వేరు అని మాకు తరువాత తెలిసినది.

గుల్మార్గు శ్రీనగరమునకు సుమారు 50 కిలోమీటర్ల దూరమున, 2,650 మీటర్ల ఎత్తున ఉన్న పచ్చికమైదానము. 1927లోనే అక్కడ బ్రిటిషువారు స్కీ క్లబ్బు పెట్టినారు. 1948లో మన సైన్యము అక్కడ స్కీ శిక్షణ ప్రారంభించినది. భారత ప్రభుత్వ పర్యాటకశాఖవారి శిక్షణసంస్థయు అక్కడ కలదు. 2022లో బీజింగు శీతకాల ఒలింపిక్సులో మన దేశమునకు ఏకైక ప్రతినిధియై స్లాలమ్ పందెములలో పాల్గొన్న ఆరిఫ్ ఖాన్ ఆ ప్రాంతపు బిడ్డయే. నేర్వవలెనను కోరిక కలవారికి ఇంతకన్న తగిన చోటు మన దేశమున మరియొకటి మేమెరుగము.

ఇక సన్నాహము. స్కీపై నిలుచువాడు నిటారుగా నిలువరాదు. మోకాళ్ళు వంచి, బరువు ముందుకు మోపి, గంటలకొలది ఆ భంగిమలో ఉండవలెను. ఆ శ్రమ అంతయు తొడలపై పడును. కనుక ప్రయాణమునకు ఆరువారముల ముందునుండి కాళ్ళను సిద్ధపరచవలెను. ఇందుకు వ్యాయామశాలలకు పోనక్కరలేదు. వినాయకుని ముందు తీయు గుంజీళ్ళును, చిన్ననాడు పంతులుగారు శిక్షగా వేయించిన గోడకుర్చీయు చాలును. మేడమెట్లు ఎక్కి దిగుట మరియు మంచిది. మా శ్రీమతి ఈ మూడింటిని ఒక నోమువలె దినమును తప్పక చేసినది. మేము ఆదివారములందు చేసినాము. అందును అన్ని ఆదివారములందు కాదు.

బట్టల విషయమున మన అలవాటు మనకు శత్రువు. మన ఎండలకు నూలుబట్టను మించినది లేదు. మంచులో అది పనికిరాదు. స్కీ చేయువానికి చెమట పోయును. నూలు ఆ చెమటను పీల్చి పట్టియుంచును. ఆగిన మరుక్షణమున ఆ తడి ఒంటికి వణుకు తెప్పించును. అందుచేత ఒంటినంటి ఉన్నిదో, తడిని నిలువనీయని కృత్రిమపు నూలుదో సన్నని అంగీ. దానిపై వెచ్చని ఉన్నిచొక్కా. దానిపై గాలిని నీటిని లోనికి రానీయని కోటు. ఈ విధముగ మూడు పొరలుండవలెను. వేడి పుట్టినప్పుడు నడిమి పొర తీసివేయవచ్చును. ఒక్క లావుపాటి కోటు కొనుక్కొనిపోవువాడు ఆ సౌకర్యము పోగొట్టుకొనును. మేజోళ్ళు ఒక్క జతయే తొడుగవలెను. చలికి జడిసి రెండు జతలు తొడిగినచో అవి బూటులో ముడుతలుపడి రక్తప్రసారమును ఆపును. అప్పుడు కాలు మరింత చల్లబడును. చేతితొడుగులు నీరుపట్టనివి కావలెను. నేర్చుకొనువాని చేతులు సగము సేపు మంచులోనే ఉండును.

కండ్లను మరువరాదు. ఎత్తు వేయి మీటర్లు పెరిగినకొలది అతినీలలోహిత కిరణముల తీవ్రత సుమారు నూటికి పది పెరుగును. తాజాగా కురిసిన మంచు వాటిలో 80 శాతము వరకు తిరిగి మన ముఖముపైకే కొట్టును. చలిలో ఎండ తెలియదు. సాయంకాలమునకు ముఖము కమలిపోవును, కండ్లు ఎఱ్ఱబడి ఇసుక పడినట్లు మండును. గాగుల్సు, ముఖమునకును పెదవులకును లేపనము తప్పనిసరి. మబ్బు ఉన్ననాడును వీటిని వదలరాదు.

ఎప్పుడు పోవలెను? కాశ్మీరీలు చలికాలమును మూడు భాగములు చేసినారు. డిసెంబరు 21నుండి 40 దినములు చిల్లై కలాన్, అనగా పెద్దచలి. పిమ్మట 20 దినములు చిల్లై ఖుర్ద్, చిన్నచలి. ఆపైన 10 దినములు చిల్లై బచ్చా, పసిచలి. పెద్దచలిలో కురిసిన మంచు గట్టిపడి నిలుచును గనుక, నేర్చుకొనువారికి ఫిబ్రవరి అనుకూలము. కాని మంచు మన పంచాంగము చూచి పడదు. 2024 జనవరిలో గుల్మార్గు మైదానమంతయు మంచులేక ఎండుగడ్డితో కనబడినది. 2025 ఫిబ్రవరిలో జరుగవలసిన ఖేలో ఇండియా శీతకాల క్రీడలు మంచు చాలక వాయిదాపడి మార్చిలో జరిగినవి. కావున టిక్కెట్లు కొనుటకు ముందు మంచు సమాచారము, దారి సమాచారము విచారించుకొనవలెను. మంచు దండిగా పడినప్పుడు తంగ్‌మార్గునుండి పైకి పోవు 13 కిలోమీటర్ల ఘాటుదారిలో బండిచక్రములకు గొలుసులు కట్టినగాని కదలనీయరు. మేము పోయిన ఫిబ్రవరిలో మంచునకు లోటు లేదు.

మొదటి దినము ఏమియు చేయక విశ్రమించినాము. సముద్రతీరమునుండి ఒక్కమారు అంతయెత్తు పోయినవారికి తలనొప్పి, ఆయాసము సహజము. నీరు ఎక్కువగా త్రాగి, మెల్లగ తిరిగిన సరిపోవును. రెండవనాడు ఉదయము పరికరములు అద్దెకిచ్చు దుకాణమునకు పోయినాము. మా కథ అంతయు ఆ దుకాణములోనే ఉన్నది గనుక కొంచెము వివరముగా చెప్పవలెను.

స్కీబూటు మనమెరిగిన బూటు కాదు. పిక్కలవరకు వచ్చు గట్టి ప్లాస్టికు తొడుగు. అది తొడిగి నిటారుగా నిలుచున్నప్పుడు కాలివ్రేళ్ళు ముందుగోడను తాకీ తాకనట్లు ఉండవలెను. మోకాలు వంచగానే వెనుకకు జరుగవలెను. మడమ మాత్రము లేవరాదు. హాయిగా ఉన్నదని వదులుబూటు తీసుకొన్నవాడు మంచుపై కాలు ఒకవైపు, పలక ఒకవైపు తిరుగగా చూచును. పలక పొడవు నేర్చుకొనువానికి గడ్డమునకు ముక్కునకు నడుమ వచ్చినచో చాలును. పొట్టిపలక సులభముగా తిరుగును. శిరస్త్రాణము అద్దెకు దొరకును, తప్పక తీసుకొనవలెను.

బూటును పలకకు పట్టియుంచు కట్టు ఒకటి ఉన్నది. ఆ కట్టుకు రెండు ధర్మములు. మామూలుగా జారునప్పుడు విడువరాదు. మనిషి పడి కాలు మెలికపడునప్పుడు విడిచిపెట్టవలెను. పలక పొడవైనది గనుక, విడువని పక్షమున అది మోకాలిని మరవలె త్రిప్పును. ఎంత బలమునకు విడువవలెనో నిర్ణయించు అంకెలు ఆ కట్టుపై ఉండును. ఆ అంకెను నిర్ణయించుటకు దుకాణదారు అయిదు సంగతులు చూచును: బరువు, ఎత్తు, వయస్సు, బూటు అడుగుభాగపు పొడవు, స్కీలో నేర్పు. నేర్పరి వేగముగా పోవును గనుక అతనికి కట్టు ఎక్కువ బిగింతురు.

మా శ్రీమతిని అడిగినప్పుడు ఆమె, "నాకు ఏమియు రాదు. మంచును చూచుటయే నిన్న మొదలు" అన్నది. పిమ్మట మావంతు వచ్చినది. బరువు నిజమే చెప్పినాము. వయస్సు నిజమే చెప్పినాము. "ఇంతకుముందు స్కీ వచ్చునా?" అని అడిగినప్పుడు, మా వెనుక వరుసలో ఇరువదియేండ్ల విద్యార్థులు నలుగురు నిలుచుండిరి. "కొంచెము వచ్చును" అన్నాము. కళాశాలలో చదువునాడు చక్రముల బూట్లతో వసారాలో నాలుగుమారులు తిరిగియుంటిమి. ఆర్నాల్డ్ లన్ గురించి చదివియుంటిమి. కొంచెము అనగా అదే. దుకాణదారు మా మాట నమ్మి కట్టును ఒక మెట్టు ఎక్కువ బిగించినాడు. తప్పు అతనిది కాదు.

మా శిక్షకుడు ఆ పరిసర గ్రామపు యువకుడు. మొదటిపాఠము జారుట కాదు, పడుట. ముందుకు గాని వెనుకకు గాని పడరాదు. ప్రక్కకు ఒరిగి తుంటిపై పడవలెను. చేతులు నేలకు ఆనించరాదు. పడిన తరువాత పలకలు రెంటిని వాలునకు అడ్డముగా త్రిప్పుకొని లేవవలెను. వాలువెంట పెట్టుకొని లేవబోవువాడు లేచుచుండగనే జారిపోవును. రెండవపాఠము పలకలతో గట్టు ఎక్కుట. ప్రక్కకు నిలిచి మెట్టుమెట్టుగా ఎక్కవలెను. అరగంటలో ఉన్నిచొక్కా తీసివేసినాము. మూడవపాఠము ఆగుట. పలకల ముందుకొనలు దగ్గరకు చేర్చి, వెనుకకొనలు దూరము చేసి, లోపలి అంచులను మంచులోనికి నొక్కవలెను. ఆంగ్లములో ఈ భంగిమకు మంచునాగలి అని పేరు. నాగలివలెనే అది మంచును దున్నుచు వేగమును తగ్గించును. కుడికాలిపై బరువు వేసిన ఎడమకు తిరుగును, ఎడమకాలిపై వేసిన కుడికి తిరుగును.

"ఆగుట రానివారిని నేను పైకి తీసుకొనిపోను" అని శిక్షకుడు మొదటనే చెప్పినాడు. మా శ్రీమతి సాయంకాలమువరకు పదిగజముల వాలుపై ఆ ఒక్క పనియే చేసినది. మాకు ఆ పసిపాఠము విసుగనిపించినది.

మరునాడు వాలుపైకి లాగుకొనిపోవు లిఫ్టు ఎక్కినాము. అది కూర్చుండునది కాదు. తాడునకు వ్రేలాడు కడ్డీచివర ఒక చిన్న పళ్ళెము. దానిని కాళ్ళనడుమ ఉంచుకొని నిలుచున్నచో అది వెనుకనుండి నెట్టుకొనిపోవును. పళ్ళెమును చూచిన ప్రతి మనిషికి కూర్చుండవలెనని బుద్ధి పుట్టును. కూర్చున్న ప్రతి మనిషియు పడును. మేము మూడుమారులు కూర్చుంటిమి. మా వెనుకనున్న ఆ విద్యార్థులు నలుగురును ఓపికతో మమ్ము మూడుమారులు లేవనెత్తినారు.

మూడవనాడు ఎండ బాగుగా కాసినది. మేము శిక్షకుని పిలుపు వినియు విననట్లుగా, నాగలిభంగిమ విడిచి, పలకలు సమానముగా పెట్టి జారినాము. మొదటి యిరువది గజములు మాకు జన్మలో మరువరాని సంతోషము కలిగినది. గాలి చెవులలో పాడినది. తరువాత మా ఎదుట, వాలుక్రింద, ఒక పదేండ్ల బాలిక మెల్లగ మలుపు తిరుగుచు కనబడినది. ముందున్నవారికి దారి ఇచ్చు బాధ్యత వెనుకనుండి వచ్చువానిది. ఇది ప్రపంచమంతట స్కీవాలులపై చెల్లు నియమము. ఆ నియమము మాకు తెలియును. ఆగుట తెలియదు. ఆ పిల్లను తప్పించుటకు ఒరిగి పడినాము. ఎడమపలక మంచులో గ్రుచ్చుకొన్నది, దేహము తిరిగినది, కట్టు విడువలేదు. మోకాలిలో ఏదో సాగినట్లయినది. ఆ బాలిక ఏమియు ఎరుగక క్రిందికి పోయినది. ఒక్క గజము తేడా వచ్చియున్నచో ఏమై యుండునో అని మేము నేటికిని రాత్రులందు తలంచుకొందుము.

వైద్యుడు చూచి, లిగమెంటు సాగినదే కాని తెగలేదనియు, మంచుగడ్డ పెట్టి రెండుదినములు కదలక కూర్చుండుమనియు చెప్పినాడు. మంచుగడ్డకు ఆ ఊరిలో కరువు లేదు. శిక్షకుడు సాయంకాలము మా గదికి వచ్చి, కట్టుపై అంకె చూచి, "సాబ్, దుకాణములో ఏమని చెప్పినారు?" అని అడిగినాడు. నిజము చెప్పినాము. అతడు కోపపడలేదు. "ఇక్కడికి వచ్చినవారు బరువు దాతురు, వయస్సు దాతురు, రాదని చెప్పుట దాతురు. ఆ మూడును మోకాలికి తెలిసిపోవును" అన్నాడు. సరిగా అమర్చిన కట్టు ఉన్నను ప్రతి మోకాలిని కాపాడునని చెప్పరాదు. నెమ్మదిగా మెలికపడినప్పుడు అదియు విడువకపోవచ్చును. కాని తగినదానికంటె బిగించుకొన్నవాడు ఆ కాస్త రక్షణను చేజేతుల పోగొట్టుకొన్నవాడు.

ఆ రెండుదినములు కిటికీకడ కూర్చున్నాము. అక్కడివారు ఫిరన్ అను వదులుపాటి అంగీలోపల కాంగ్రీ అను నిప్పులకుండ పెట్టుకొందురు. పుల్లలతో అల్లిన బుట్టలో అమర్చిన చిన్న కుంపటి అది. విడిది యజమాని తల్లి మా ఒడిలో ఒకటి పెట్టి, ఉప్పువేసిన గులాబిరంగు టీ ఇచ్చి, ఆ భాషలో ఏదో జాలిగా అన్నది. కిటికీ ఆవల మా శ్రీమతి పడుచు, లేచుచు, ఆగుచు కనబడినది. ఆమె వేగము నత్తది. రెండవనాటి మధ్యాహ్నము ఆమె వాలుపైనుండి క్రిందివరకు ఏడు మలుపులు తిరిగి, ఎక్కడను పడక వచ్చి, మా కిటికీ ఎదుట నాగలిభంగిమలో ఆగినది. అద్దము ఇవతలనుండి మేము చప్పట్లు కొట్టినాము. చెప్పుటకు సిగ్గుగా ఉన్నను, ఆ చప్పట్లలో కొంత అసూయ కలదు.

చివరినాడు కఱ్ఱ ఊతగా గొండోలా ఎక్కినాము. ఆ తీగమార్గపు మొదటి దశ 1998లోను, రెండవ దశ 2005లోను ప్రారంభమైనవి. మొదటిది మూడువేల మీటర్లు దాటిన కొంగ్‌డూరికి, రెండవది నాలుగువేల మీటర్లకు చేరువైన అఫర్వత్ శిఖరభుజమునకు చేర్చును. మేము కొంగ్‌డూరితో ఆగినాము. పైదశనుండి స్కీతో దిగుట నేర్పరులకే తగును. అది చదునుచేసిన వాలు కాదు. 2023 ఫిబ్రవరిలో ఆ కొండపై హిమపాతము విరుచుకొనిపడి ఇద్దరు పోలండు దేశీయులు మరణించినారు. 2024 ఫిబ్రవరిలో మరియొక విదేశీయుడు ఇట్లే మరణించినాడు. వారు మావలె పసివారు కారు. కావలివారు మూసిన దారిలోనికి ఎవరు పిలిచినను పోరాదు. మంచుక్రీడలకు వర్తించు బీమా తీసుకొని బయలుదేరుటయు మంచిది. మామూలు ప్రయాణబీమా దీనికి వర్తించునో లేదో ముందే చదివి చూచుకొనవలెను.

ఇంటికి వచ్చినాము. స్టూడియో మెట్లు ఎక్కునప్పుడు, అందును చలిదినములలో, ఆ ఎడమమోకాలు ఒక్కమారు మమ్ము పలుకరించును. అయినను వచ్చు ఫిబ్రవరిలో మరల పోవలెనని అనుకొనుచున్నాము. ఈమారు గోడకుర్చీ దినమును వేయుచున్నాము. మా శ్రీమతి గడియారము పట్టుకొని ఎదుట నిలుచుచున్నది. అద్దెదుకాణములో చెప్పవలసిన జవాబును కూడ సిద్ధము చేసికొన్నాము. వెనుకవరుసలో ఎంతమంది విద్యార్థులు నిలుచున్నను సరే, వచ్చునా అని అడిగినచో, రాదు అని బిగ్గరగా చెప్పుదుము. పోదలచిన శ్రోతలును అట్లే చెప్పవలెనని మా మనవి. సెలవు.